చంటాడి హాజరు పట్టీ

“బాబాయ్, మీకు మే 11 ఇచ్చాం. పొద్దున పదకొండు నుంచి పదకొండూ నలభై దాకా” అన్నాడు మా అన్నయ్య కొడుకు, డల్లాస్ నుంచి ఫోను చేసి. తిరుమలలో శీఘ్రదర్శనం దొరికినంత పనయింది నాకు. “నలభై నిమిషాలే!” అన్నాను. అది ఆనందమో ఆక్షేపణో వాడికి తేలలేదు. “తిరువూరు పెద్దత్తయ్యకి అరగంటే వేశాను బాబాయ్, మీకు పది నిమిషాలు ఎక్కువ” అని గొంతు తగ్గించి చెప్పాడు. తిరువూరు పెద్దత్తయ్య అంటే నాకు సొంత అక్కయ్య. ఈ పది నిమిషాల సంగతి ఆవిడ చెవిన పడితే మా ఇద్దరికీ పదేళ్లు మాటలుండవు. అందుకని విస్సన్నపేటలో ఒక్కరికీ చెప్పలేదు. ఇదుగో, పత్రికలో రాస్తున్నానంతే.

నిజానికి వచ్చేది వాడు కాదు, వాడి కొడుకు. ఇరవై రెండు నెలల చంటాడు. వాణ్ణి చుట్టాలందరికీ చూపించాలి. అలా అంటే సంతలో దూడను చూపించినట్టుంటుంది గనుక, చుట్టాలందర్నీ వాడికి చూపించాలి అంటారు. “పిల్లాడికి బంధుత్వాలు తెలియాలి కదా బాబాయ్!” ఈ మాట మోగని తెలుగిల్లు ఉండదు. నా గొడవంతా ఆ ఒక్క మాటతోనే.

ముందు ముహూర్తం సంగతి చూద్దాం. మే నెలలో మా ఊరికి ఎవరైనా ఎందుకొస్తారు? నూజివీడు చుట్టుపక్కల చిన్నరసాలు పండే కాలం కదా, అందుకే అనుకున్నాను. మామిడికాయకు ఇందులో ప్రమేయమే లేదని తర్వాత తెలిసింది. రెండేళ్లు నిండని బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుంటే విదేశీ ప్రయాణంలో పెద్దవాళ్ల ఛార్జీలో సుమారు పదో వంతుతో సరిపెడతారట. రెండో పుట్టినరోజు దాటిందా, వాడికీ ఒక సీటు, ఆ సీటుకు తగ్గ సొమ్ము. మా వాడికి జూలైలో రెండేళ్లు నిండుతాయి. పూర్వం ప్రయాణానికి ముహూర్తం పురోహితుడు పెట్టేవాడు. ఇప్పుడు విమానం వాళ్లు పెడుతున్నారు. వర్జ్యంలో బయల్దేరితే శాంతి చేయించుకోవచ్చు గానీ, రెండేళ్లు దాటాక బయల్దేరితే ఏ శాంతీ పనిచేయదు, పూర్తి టికెట్టే.

టికెట్టు మీద ఎండ సంగతి రాసి ఉండదు. మేలో మాకు 42 డిగ్రీలంటే చల్లబడినట్టు లెక్క. ప్రభుత్వం ఏప్రిల్ చివరివారం నుంచి జూన్ రెండో వారం దాకా బళ్లు మూసేస్తుంది. ఏడేళ్ల పిల్లాడు రెండు వీధులు దాటి బడికి పోవడానికి పనికిరాని ఎండ, ఇరవై రెండు నెలల వాడు పద్నాలుగు ఇళ్లు తిరగడానికి భేషుగ్గా పనికొచ్చింది.

ఇక దారి. డల్లాస్ నుంచి దోహా, దోహా నుంచి హైదరాబాదు, హైదరాబాదు నుంచి గన్నవరం, గన్నవరం నుంచి నూజివీడులో నానమ్మ ఇల్లు. ఎండాకాలంలో డల్లాస్‌కూ మనకూ పదిన్నర గంటల తేడా. మనం మధ్యాహ్నం పన్నెండున్నరకు ముద్దపప్పులో నెయ్యి వేసుకునే వేళకు వాడి లెక్కలో అర్ధరాత్రి రెండు గంటలు. మనం నడిరాత్రి గురక పెట్టే వేళకు వాడికి సాయంత్రం ఆటల సమయం. ఆ చిన్న గడియారం సర్దుకోవడానికి రోజులు పడుతుంది. మా వాళ్లు అందుకు ఒక పూట కేటాయించారు. మిగతా సెలవంతా ఇళ్లకు పంచేశారు.

పంచింది మా వదిన. పంపకంలో ఆవిడ పాటించిన సూత్రం తెలిస్తే ఎన్నికల సంఘం కూడా నేర్చుకుంటుంది. ప్రేమగలవాళ్ల పేర్లు చివర్లో రాసింది, అలిగేవాళ్ల పేర్లు మొదట్లో రాసింది. అలకలోనూ ముదురు, లేత చూసుకుంది. మేనకోడలి పెళ్లిలో పిలుపు ఆలస్యమైందని నాలుగేళ్లు గుమ్మం తొక్కని వాళ్లది మొదటి స్థానం. ప్రేమగలవాళ్లు ఎలాగూ అర్థం చేసుకుంటారు గనుక అవసరమైతే కొట్టేయొచ్చు. పద్నాలుగింటిలో మాది తొమ్మిదోది. “మనం అలగమని అందరికీ తెలుసు లెండి” అంది మా ఆవిడ తృప్తిగా. “మరీ పద్నాలుగోది కాదుగా, తొమ్మిదోదంటే కొంచెం అలుగుతామనేగా” అన్నాను. సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

ఈ పద్నాలుగు ఇళ్లూ ఒకచోట ఉండవు. ఒకప్పుడు నూజివీడూ విస్సన్నపేటా రెండూ కృష్ణా జిల్లాయే. 2022 ఏప్రిల్ 4న పదమూడు జిల్లాలను ఇరవై ఆరు చేసినప్పుడు నూజివీడును ఏలూరు జిల్లాలో వేశారు, మమ్మల్ని ఎన్టీఆర్ జిల్లాలో వేశారు. చంటాడి తల్లి, అంటే మా కోడలి పుట్టిల్లు సత్తుపల్లి, అది 2014 జూన్ 2 నుంచి వేరే రాష్ట్రం. నూజివీడు పేరున్న రైల్వే స్టేషను నూజివీడులో ఉండదు, హనుమాన్ జంక్షన్లో ఉంటుంది. పేరు ఒకచోట, మనిషి ఒకచోట. మా చుట్టరికాలూ అంతే. మొత్తమ్మీద చంటాడి పర్యటన రెండు రాష్ట్రాలు, మూడు జిల్లాలు. చాట్రాయి, గంపలగూడెం, ఎ.కొండూరు, రెడ్డిగూడెం, మైలవరం అన్నీ తగులుతాయి. ఇంత పెద్ద పర్యటన ఓట్లప్పుడు తప్ప ఎవరూ చేయరు. అక్కడ అభ్యర్థి పసిపిల్లల్ని ఎత్తుకుని ఫొటో దిగుతాడు, ఇక్కడ పసిపిల్లాడే అభ్యర్థి.

డల్లాస్‌లో ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చిన రోజు మొదలుకుని ఆ పిల్లాడు కారెక్కితే వాడికని బిగించిన సీట్లో తప్ప కూర్చోలేదట. గన్నవరంలో దిగగానే “మన ఊరేగా” అని ముందు సీట్లో తాత ఒళ్లోకి ఎక్కించారు. మన ఊళ్లో కార్లు గుద్దుకోవు కాబోలు. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టంలో 194బి అని ఒక సెక్షనుంది. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకెళ్తే వెయ్యి రూపాయలు జరిమానా. మా తిరువూరు మేనల్లుడు ఇంకో అడుగు ముందుకేశాడు. చంటాణ్ణి మోటారు సైకిలు పెట్రోలు ట్యాంకు మీద కూర్చోబెట్టి బోసుబొమ్మ దాకా ఒక చుట్టు తిప్పుకొచ్చాడు. నాలుగేళ్లలోపు పిల్లాణ్ణి బండెక్కిస్తే వాడికి హెల్మెట్ ఉండాలి, నడిపేవాడికి వాణ్ణి కలిపి కట్టే బెల్టుండాలి, వేగం నలభై దాటకూడదు అని 2023 ఫిబ్రవరి 15 నుంచి నిబంధన. అదే చెప్పాను. “నలభై దాటలేదు మావయ్యా!” అన్నాడు. మూడింటిలో ఒకటి పాటించిన వాడి మొహంలో వెలుగు చూసి ఇంకేమీ అనలేకపోయాను.

మే 11 వచ్చింది. పదకొండింటికి రావలసినవాళ్లు ఒంటిగంటా ఇరవైకి వచ్చారు. ముందరింటివాళ్లు “భోంచేయకుండా కదిలితే నా మీద ఒట్టే” అన్నారట. ఆ ఒట్టుకు ముందు ఇంకో ఇంట్లో ఇంకో ఒట్టు. ఆ పూటకు అప్పటికి మూడు భోజనాలు అయ్యాయి. మా ఇంట్లో నాలుగోది సిద్ధంగా ఉంది.

చంటాడు గడప దాటాడు. మేం పదకొండుమందిమి వరసగా నిలబడి నవ్వుతున్నాం. వాడు మా ఒక్కరి మొహమూ చూడలేదు. తలెత్తి పైన తిరుగుతున్న ఫ్యాను చూసి ఫక్కున నవ్వాడు. చేతులు చాచాడు. నాకు కారణం అర్థం కావడానికి ఒక నిమిషం పట్టింది. వాడు పుట్టిన దగ్గర్నుంచీ మేం వీడియో కాల్లో మాట్లాడుతూనే ఉన్నాం. మా తరం ఫోను పట్టుకుంటే అవతలివాడికి కనిపించేది సగం నుదురు, పూర్తి ఫ్యాను. ఏడాదిన్నర నిండని పిల్లలకు తెరలేవీ చూపించొద్దు, వీడియో కాల్లో అయినవాళ్లతో మాట్లాడించడం ఒక్కటీ ఫర్వాలేదు అని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం 2016లో చెప్పింది. అంత జాగ్రత్తగా ఇచ్చిన మినహాయింపును మేం ఫ్యానుకు ధారపోశాం. బంధుత్వం అంటూ ఉంటే వాడికి మా ఫ్యానుతోనే ఉంది. మేమందరం దాని కింద తిరిగే మనుషులం.

ఫ్యాను మీద ఉన్న చూపును మా వైపు తిప్పడానికి జరిగిన కృషి చెప్పాలి. చంటిపిల్లల్ని పలకరించే మన చుట్టాలు నాలుగు రకాలు. ఒకరు గిల్లేవారు. బుగ్గ కందితే గానీ వీళ్లకు ముద్దు వచ్చినట్టు కాదు. రెండోవారు లాక్కునేవారు. పిల్లాడు తల్లి మెడ పట్టుకుని వేలాడుతుంటే, కొబ్బరికాయ పీచు తీసినట్టు ఒక్కో వేలూ విడదీసి తీసుకుంటారు. “ఏడవనీ, ఊపిరితిత్తులు గట్టిపడతాయి” అని వైద్యం కూడా చెబుతారు. మూడోవారు తూకం వేసేవారు. వీళ్లు పిల్లాణ్ణి మునుపెన్నడూ చూసి ఉండరు, అయినా “చిక్కిపోయాడే!” అంటారు. దేనితో పోల్చి చిక్కాడన్న ప్రశ్న వేయకూడదు. నాలుగోవారు పరీక్షాధికారులు. వీళ్లంటేనే నాకు హడలు. “నేనెవర్ని? చెప్పు, నేను నీకేమవుతాను?” అని అడుగుతారు. అడిగినావిడ ఆ పిల్లాడి తాతగారి పినతల్లి కూతురి తోడికోడలు. ఆ చుట్టరికం పేరు ఆ పిల్లాడి తండ్రికి తెలియదు, తాతకు అనుమానం. వాడు నోరు విప్పకపోయేసరికి “ఇంకా మాటలు రాలేదా? మా వాడికి ఈ వయసుకు శతకాలు వచ్చేవి” అన్నారు. ఆ శతకాలు వచ్చినాయన అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

పిల్లాడు ఏడ్చాడు. ఏడవకేం చేస్తాడు? ఎనిమిది తొమ్మిది నెలలు వచ్చేసరికి పిల్లలు తెలిసిన మొహమేదో తెలియని మొహమేదో పోల్చుకోవడం మొదలుపెడతారు. కొత్త మొహం మీదికి వస్తే జడిసి అమ్మను కరుచుకోవడం రెండో ఏడంతా ఉండొచ్చు. అది వాడి బుర్ర సరిగ్గా పనిచేస్తోందనడానికి గుర్తు. మేం మాత్రం “అలవాటు చేయలేదు” అని తల్లి వైపు చూశాం. “అమెరికాలో మనుషుల మొహాలు కనబడవుగా పాపం” అని ఒకావిడ సానుభూతి చూపించింది. డల్లాస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు ఎంతమంది ఉన్నారో ఆవిడకు తెలియదు. అక్కడ వాడికి మనుషులు దొరక్క కాదు, పదకొండుమంది ఒక్కసారి మీద పడ్డం అలవాటు లేక.

తర్వాత తినిపించే ఘట్టం. మా ఇంట్లో సున్నుండలు, పక్కింటివాళ్లు తెచ్చిన పూతరేకులు, ఎవరో పిల్లాడికని ప్రేమగా కొన్న కూల్‌డ్రింకు, వేరుశనగ గుళ్లు. రెండేళ్లలోపు పిల్లలకు తీపి పానీయాలు పట్టొద్దనీ, చక్కెరా ఉప్పూ దట్టించినవి పెట్టొద్దనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. వేరుశనగ గుళ్ల లాంటివి నాలుగేళ్లలోపు పిల్లల గొంతుకు అడ్డం పడతాయని ఏ పిల్లల డాక్టరైనా చెబుతాడు. కోడలు మెల్లగా ఆ మాటే అంది. “మేం పెంచలేదా పిల్లల్ని?” అన్నారు అందరూ ఒక్క గొంతుతో. పెంచాం, నిజమే. పెరిగినవాళ్లే ఎదురుగా కూర్చుని ఆ మాట అంటున్నారు. పెరగనివాళ్లకు మాట్లాడే అవకాశం లేదు.

అలాగని ఆ తల్లిదండ్రులు మహా తెలివైనవాళ్లేం కాదు. వాడు ఎన్ని గంటలకు నిద్రపోయాడో, ఎన్ని గుక్కలు తాగాడో ఫోనులో ఒక యాప్‌లో ఎక్కిస్తారు. బియ్యం పేలాలకు రంగు సంచీ తొడిగి నాలుగు వందలు పెట్టి కొన్నది వాడి పలహారం. మా ఇంటి వెనకే కాసిన చిన్నరసం చెట్టును చూసి “ఇది ఆర్గానికేనా బాబాయ్?” అని అడిగాడు మా వాడు, చిన్నప్పుడు అదే చెట్టు కింద రాలిన కాయ నిక్కరుకు తుడుచుకుని తిన్నవాడు. చేతులకు రాసే మందు సీసా మెడలో వేసుకున్నంత పని చేశాడు. చిత్రమేమంటే, క్రిముల మీద అంత శ్రద్ధ ఉన్నవాడు పిల్లాణ్ణి పద్నాలుగు ఇళ్లలో నూట ఇరవై చేతులకు అందించడానికి మాత్రం వెనకాడలేదు.

ఒక్క విషయంలో నేను వాళ్ల పక్షం. నీళ్లు. కోడలు సంచిలోంచి సీసా తీస్తే “మా నీళ్లకేమొచ్చింది?” అని మొహాలు మాడ్చుకున్నారు. మా నీళ్లకేమొచ్చిందో మా పక్క ఎ.కొండూరు మండలం తండాలను అడిగితే చెబుతాయి. కిడ్నీ జబ్బులతో ఏళ్ల తరబడి అక్కడి కుటుంబాలు నలిగాయి. బోరు నీళ్లు మాకొద్దు, కృష్ణా నీళ్లు పైపుల్లో ఇవ్వండని మొత్తుకున్నాయి. ఇంత దగ్గర్లో అంత జరుగుతుంటే, పరాయి ఊరి నీళ్లు పసివాడికి పట్టడానికి ఒక తల్లి జంకిందంటే అది పొగరెలా అవుతుంది? ఇక్కడ పుట్టిన తల్లులందరికీ ఆ జంకు ఉండాల్సింది.

భోజనాలయ్యాక ఫొటో. ఫొటో పడితేనే హాజరు పడ్డట్టు. ఉపాధి హామీ పనిలో 2023 జనవరి నుంచి కూలీలందర్నీ నిలబెట్టి రోజుకు రెండుసార్లు ఫొటో తీసి ఆన్‌లైన్లో ఎక్కించే పద్ధతి పెట్టారు. మా చుట్టాలు అంతకంటే కట్టుదిట్టం. ఫొటో తీసిన ఐదు నిమిషాల్లో కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఎవరి ఒళ్లో ఉన్నాడు, ఎన్ని ఫొటోలున్నాయి, నవ్వుతున్నాడా ఏడుస్తున్నాడా అన్నది పదమూడు ఇళ్లవాళ్లు భూతద్దం పెట్టి చూస్తారు. చాట్రాయిలో నవ్విన పిల్లాడు గంపలగూడెంలో ఏడ్చాడంటే గంపలగూడెం వాళ్లకు అది పరువు సమస్య. మా ఇంట్లో వాడు ఫ్యానును చూసి నవ్వినప్పుడు మెరుపులా ఫొటో తీశాడు నా కొడుకు. ఫ్యాను కనిపించకుండా కత్తిరించి పెట్టాం. అందరికంటే మాకే ఎక్కువ చేరువయ్యాడని పేరొచ్చింది.

ఆఖర్న చేతిలో డబ్బు. నూట పదహారు, ఐదొందల పదహారు, వెయ్యి నూట పదహారు. వాడు నోటును నోట్లో పెట్టుకున్నాడు. వాడొక్కడే దాన్ని తినడానికి పనికొచ్చేదిగా చూశాడు, మిగతావాళ్లందరం రాసి పెట్టుకున్నాం. బదులుగా మాకు అమెరికా చాక్లెట్లు. మే నెల కదా, సంచీ విప్పేసరికి పాయసమైంది. చెంచాలతో తిన్నాం.

ఇలా వచ్చి అలా వెళ్లిపోయి ఉంటే ఈ వ్యాసం రాసేవాణ్ణి కాదు, అక్కడితో నా హాజరు పడిపోయేది. కానీ నాలుగింటికి కారెక్కబోతుంటే పిల్లాడి ఒళ్లు కాలిపోతోంది. వెంటనే వాంతి, ఆ వెనకే విరేచనాలు. 

కారణం అందరికీ తెలుసు: దిష్టి. నలభై మూడు డిగ్రీల ఎండ కాదు, నిద్రలేని రాత్రులు కాదు, నాలుగు భోజనాలు కాదు. గంపలగూడెంలో ఎవరో చూసిన చూపు. ఉప్పూ ఎండుమిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేశారు. ఇల్లంతా ఘాటు కమ్మి పిల్లాడికి దగ్గు కూడా మొదలైంది. మిరపకాయలు అంత ఘాటొచ్చాయంటే దిష్టి ఎంత గట్టిదో అన్నారు. సున్నం, పసుపు కలిపిన ఎర్రనీళ్లు తిప్పారు. కాటుక చుక్క చాలలేదని అరికాలికి ఇంకోటి పెట్టారు. కాటుకల్లో సీసం ఉండొచ్చని అమెరికాలో వాటి అమ్మకానికే అనుమతివ్వరని కోడలు చెప్పబోయింది. వినేవాళ్లెవరు?

ఇంతలో ఒక కుర్రాడు పరుగున వెళ్లి ఓఆర్‌ఎస్ అని రాసున్న పళ్లరసం డబ్బా తెచ్చాడు, దుకాణంలో అడుగున ఎప్పటిదో మిగిలినట్టుంది. దాన్ని మాత్రం నేనే ఆపాను. అసలు ఓఆర్‌ఎస్ అంటే లీటరు నీటికి పదమూడున్నర గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, ఇంకా రెండు లవణాలు. తీపి ఎక్కువైతే విరేచనాలు తగ్గకపోగా పెరుగుతాయి. ఈ తీపి డబ్బాల మీద ఆ మాట రాయనివ్వొద్దని హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ గారు ఎనిమిదేళ్లు ఒంటరిగా పోరాడితే, 2025 అక్టోబరులో ఆహార ప్రమాణాల సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశమిచ్చింది. మా ఊరి డాక్టరు చూసి అసలు పొడి ప్యాకెట్లు రాసి, “ఎండలో తిప్పకండి, చీకటి గదిలో పడుకోబెట్టండి, మీదపడి ముద్దులాడకండి” అన్నాడు. ఎర్రనీళ్లు పనిచేయడానికి ముందు ఆయన ఫీజు కూడా తీసుకున్నాడని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది.

అలా నలభై నిమిషాల మా వంతు నాలుగు రోజులైంది. మిగతా ఐదు ఇళ్ల కార్యక్రమం రద్దు. వదిన తలపట్టుకుంది. ప్రేమగలవాళ్లే అయినా ఐదిళ్ల అలక! జ్వరం తగ్గుతుంది గానీ అలక తగ్గేదా?

అప్పుడు ఒక వింత జరిగింది. ఆ ఐదిళ్లవాళ్లూ వాళ్లంతట వాళ్లే వచ్చారు. పిల్లాడికి ఒంట్లో బాగాలేదంటే పరామర్శకు రాకుండా ఉంటారా? హార్లిక్సు సీసాలు, రొట్టె ముక్కలు పట్టుకుని ఒకరి తర్వాత ఒకరు మా గుమ్మంలో దిగారు. ముందే హాజరు వేయించుకున్నవాళ్లు కూడా రెండోసారి వచ్చారు. రెండు రోజుల్లో పద్నాలుగు ఇళ్లూ మా వసారాలో చేరాయి. పిల్లాడు మంచం మీంచి కదలలేదు, పర్యటన మాత్రం పూర్తయింది. అందరికంటే గట్టిగా అలిగే మా అక్కయ్య తిరువూరు నుంచి బస్సులో వచ్చి, చెమట తుడుచుకుంటూ, “ఎంత దూరంరా, గంట కూడా పట్టలేదు” అంది. ఆ గంట కూడా పట్టని దారిలో డల్లాస్ నుంచి వచ్చినవాణ్ణి తన గుమ్మానికి రమ్మంది ఆవిడే.

నాకు అక్కడ జ్ఞానోదయమైంది. తిరువూరు నుంచి విస్సన్నపేట ఎంత దూరమో విస్సన్నపేట నుంచి తిరువూరూ అంతే. ఈ సంగతి భూగోళశాస్త్రంలో ఉంది గానీ మన బంధుశాస్త్రంలో లేదు. మన లెక్కలో సప్తసముద్రాలు దాటి వచ్చినవాడే మిగిలిన ఇరవై కిలోమీటర్లూ కూడా రావాలి. ఎంత దూరం నుంచి వస్తే అంత ఎక్కువ తిరగాలి. ఎంత చిన్నవాడైతే అంత ఎక్కువ ఇళ్లకు మొక్కు చెల్లించాలి. అరవై ఏళ్లుగా ఈ ఊళ్లో కాలు మీద కాలేసుకుని కూర్చున్నవాడు మాత్రం “మా ఇంటికి రాలేదు” అనే హక్కు సంపాదించుకుంటాడు. నేనూ ఆ హక్కుదారుణ్ణే. తొమ్మిదో వంతు వచ్చినందుకు లోలోపల నొచ్చుకున్నవాణ్ణే.

ఇక “బంధుత్వాలు తెలియాలి” అన్న మహావాక్యం దగ్గరకు వద్దాం. మూడేళ్లలోపు జరిగినవి పెద్దయ్యాక దాదాపు ఎవరికీ గుర్తుండవు. మీకు మీ రెండో ఏట జరిగిన సంగతి ఏదైనా గుర్తుందేమో చూసుకోండి. ఉందంటే అది అమ్మ చెప్పగా విన్నదే అయి ఉంటుంది. చంటాడికి ఈ పద్నాలుగు ఇళ్లలో ఒక్కటీ గుర్తుండదు. పెట్టిన ముద్దులు, చదివించిన నూట పదహార్లు, ఫొటోలో కత్తిరించిన ఫ్యాను, ఏదీ మిగలదు. మరి ఈ తిరుగుడంతా ఎవరి జ్ఞాపకం కోసం? మన లెక్కల పుస్తకం కోసం. మనం ఒకరితో ఒకరం తేల్చుకోవలసిన పాత బాకీలు వాడి చేతికిచ్చి ఇంటింటికీ పంపిస్తున్నాం. వాడు బంధువు కాదు, రసీదు.

గుర్తుండదు గనుక దేనికీ అర్థం లేదా అంటే, ఉంది. జ్వరం తగ్గిన మూడో రోజు పొద్దున్నే ఎవరూ లేని వేళ. వసారాలో నులకమంచం మీద కూర్చుని చిన్నరసం పిసికి తింటున్నాను. నేను వాణ్ణి పిలవలేదు. నేనెవర్నని అడగలేదు. వాడు గుమ్మం పట్టుకుని కాసేపు చూశాడు. కోడిపిల్లల వెనక కొంత దూరం పోయి మళ్లీ వచ్చాడు. మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాడు. ఇంత రసం వేలికి రాసి ఇస్తే చీకాడు. పక్కన పడేసిన టెంక తీసుకుని ఒక్క పీచు లేకుండా నాకి, గడ్డమంతా పసుపు చేసుకుని, ఆ టెంకను తెచ్చి నా అరచేతిలో పెట్టాడు. ఆ తర్వాత తలెత్తి నా మొహం చూశాడు. ఫ్యాను వైపు చూడలేదు.

నాలుగు రోజులు ఒకేచోట ఉంటే జరిగిన పని అది. నలభై నిమిషాల వంతులో అయ్యేది కాదు. వాడు డల్లాస్ వెళ్లాక నన్ను మర్చిపోతాడు, ఫర్వాలేదు. వాడి తండ్రి ఫోను చేసినప్పుడు ఈసారి ఫోనును కాస్త కిందికి దించి పట్టుకుంటాను.

అందుచేత పద్నాలుగు ఇళ్ల పెద్దలకూ, ఇలాంటి జాబితాలు చేత్తో పట్టుకున్న తాతలకూ నానమ్మలకూ నా మనవి. దూరం నుంచి చంటిబిడ్డ వస్తే ఒక్క ఇంట్లో దించండి. ఆ ఇంట్లో ఒక వసారా, ఒక చీకటి గది, ఒక మామిడిచెట్టు ఉంటే చాలు. జాబితాలో ఉన్న మిగతా ఇళ్లవాళ్లు ఒక్కొక్కరుగా అక్కడికే రండి. పదకొండుమంది ఒకేసారి వద్దు. వచ్చి, పిల్లాణ్ణి ముట్టుకోకుండా ఒక పక్కన కూర్చోండి. వాడే వస్తాడు. రాకపోతే మర్నాడు మళ్లీ రండి. అలక ఉంటే దాన్ని బస్టాండులో వదిలేసి రండి.

మరీ ముఖ్యంగా అత్తయ్యలకూ పిన్నులకూ పెద్దమ్మలకూ. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఛార్జీ లేదు. సత్తుపల్లి వియ్యపురాలికి వాళ్ల రాష్ట్రంలో 2023 డిసెంబరు 9 నుంచే లేదు, సరిహద్దు దాటాక మాత్రం కొంచెం కొనుక్కోవాలి. మా అక్కయ్య ఆ రోజు తిరువూరు నుంచి విస్సన్నపేటకు వచ్చిన టికెట్టు నేను దాచిపెట్టాను. దాని మీద సున్నా అని ఉంది. ఆధార్ కార్డు ఒక్కటి సంచీలో వేసుకోండి చాలు.